స్ట్రిప్ మీద పేరు వేరు, మాత్రలో మందు అదే

ఒళ్లు వెచ్చబడితే ఒక మాత్ర, ముక్కు కారుతుంటే ఇంకోటి, నడుం పట్టేస్తే మూడోది. మూడు స్ట్రిప్‌లు, మూడు రంగులు, మూడు పేర్లు. వేసుకునేవారి లెక్కలో అవి మూడు వేర్వేరు మందులు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే మూడింటిలోనూ పారాసెటమాల్ కనిపించవచ్చు. జ్వరం మాత్రలో 650 ఎంజీ, జలుబు మాత్రలో 500, నడుం నొప్పి మాత్రలో ఇంకో మందుతో కలిపి 325 అనుకుందాం. మూడూ మూడు పూటలా పడితే ఆ రోజు ఒంట్లోకి వెళ్లింది 4,425 ఎంజీ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా 24 గంటల్లో దాటకూడదని చెప్పే హద్దు 4,000. ఏ మాత్రనూ చెప్పినదానికన్నా ఎక్కువ వేసుకోలేదు. అయినా హద్దు దాటిపోయింది.

నొప్పి, జ్వరం మందులతో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ తీరువే. మందు చెడ్డది కాదు, లెక్క తప్పుతుంది. మనం మాత్రల్ని జబ్బు పేరుతోనో కంపెనీ పెట్టిన పేరుతోనో గుర్తుపెట్టుకుంటాం. కాలేయానికీ కిడ్నీలకూ ఆ పేర్లతో పని లేదు. లోపలికి వచ్చిన రసాయనం ఏది, ఎన్ని ఎంజీలు, ఎన్నాళ్లుగా వస్తోంది, దాని వెంట ఇంకేం వచ్చింది అన్నదే వాటికి పట్టింపు.

పారాసెటమాల్‌నే తీసుకుందాం. అమెరికాలో దీన్ని అసిటామినోఫెన్ అంటారు, రెండూ ఒకటే. విదేశం నుంచి వచ్చినవారు తెచ్చిన సీసా మీద ఆ రెండో పేరు చూసి కొత్త మందనుకుని, అప్పటికే వేసుకుంటున్న పారాసెటమాల్‌కు జత చేసినా డోసు రెట్టింపు అవుతుంది. సాధారణంగా పెద్దవాళ్లకు ఒకసారికి 500 నుంచి 1,000 ఎంజీ, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటల ఎడం. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ 4,000 హద్దు అందరిదీ కాదన్నది మాత్రం అంతగా తెలియదు. 50 కిలోల లోపు బరువున్నవారు, రోజూ మద్యం తాగేవారు, కాలేయ జబ్బున్నవారు, రోజుల తరబడి సరిగా తిండి తినక నీరసించినవారు డాక్టర్ని అడిగి ఇంకా తక్కువలో ఆగాలి.

ఎందుకో తెలియాలంటే కాలేయంలో జరిగే పని చూడాలి. మింగిన పారాసెటమాల్‌లో అధిక భాగాన్ని కాలేయం హాని లేని రూపంలోకి మార్చి మూత్రంతో బయటికి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం ఎన్‌ఏపీక్యూఐ అనే విషంగా మారుతుంది. దాన్ని విరిచేయడానికి కాలేయ కణాల్లో గ్లూటాథయోన్ అనే పదార్థం ఎప్పుడూ కొంత నిల్వ ఉంటుంది. మామూలు డోసుకు ఆ నిల్వ చాలు. డోసు పెరిగితే విషం ఎక్కువ పుడుతుంది, నిల్వ కరిగిపోతుంది, మిగిలిన విషం కాలేయ కణాల మీదే పడుతుంది. తిండి సరిగా లేనివాళ్లలో ఈ నిల్వే తక్కువ కాబట్టి హద్దూ తగ్గుతుంది.

దీంతో వచ్చే పెద్ద చిక్కు మొదటి రోజు. డోసు బాగా మించినా ఆ రోజు కాస్త వికారం, ఒకటి రెండు వాంతులు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. కొందరికి అదీ ఉండదు. ‘ఏం కాలేదుగా’ అని ఇంట్లో ఊపిరి పీల్చుకునే సమయానికే లోపల కాలేయం దెబ్బతినడం మొదలై ఉంటుంది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆ తర్వాత కళ్లు పచ్చబడటం లాంటివి రెండో రోజో మూడో రోజో బయటపడతాయి. దీనికి విరుగుడు ఉంది. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు కాలేయంలో గ్లూటాథయోన్ నిల్వను తిరిగి నింపుతుంది. మాత్రలు మింగిన 8 గంటల్లోపు అది ఎక్కిస్తే కాలేయాన్ని దాదాపు పూర్తిగా కాపాడవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. అందుకే డోసు మించిందని తెలిసినప్పుడు లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. మనిషి హాయిగా తిరుగుతున్నా స్ట్రిప్‌లు చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

జ్వరం విషయానికొస్తే, థర్మామీటర్ అంకెను కిందికి దించడమే పని అన్నట్టు మాత్రలు వేస్తుంటారు. జ్వరం అనేది సూక్ష్మజీవులతో పోరాడేందుకు శరీరం తనంతట తాను పెంచుకున్న వేడి. మాత్ర వేసేది ఒళ్లునొప్పులు, తలనొప్పి, చికాకు తగ్గి మనిషి కాస్త నీళ్లు తాగి నిద్రపోయేందుకు. 101 ఉన్నా పిల్లాడు ఆడుకుంటుంటే మాత్ర కోసం పరుగులు పెట్టక్కర్లేదు. 100 ఉన్నా మందకొడిగా, పిలిస్తే పలకకుండా పడి ఉంటే అది కంగారు పడాల్సిన సంగతే. పారాసెటమాల్ వేస్తే జ్వరంలో వచ్చే ఫిట్స్ ఆగుతాయన్న నమ్మకం కూడా నిలబడలేదు. మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే మాత్రం ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోవడానికి వీల్లేదు. అదే రోజు, అదే గంటలో డాక్టర్ చూడాలి.

పిల్లల డోసు వయసును బట్టి కన్నా బరువును బట్టి లెక్కకట్టడం మేలు. పారాసెటమాల్ అయితే కిలోకు 15 ఎంజీ చొప్పున, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకుండా. 10 కిలోల బిడ్డకు ఒక డోసు 150 ఎంజీ అన్నమాట. ఇక్కడిదాకా తేలికే. తిరకాసు సీసాలో ఉంది. ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120 ఎంజీ ఉంటుంది, ఇంకోదాంట్లో అదే 5 ఎంఎల్‌కు 250. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉండే రకం ఉంది. అదే బిడ్డకు మొదటి సిరప్ 6 ఎంఎల్ పైచిలుకు కావాలి, రెండోది 3 ఎంఎల్ చాలు, చుక్కల మందు ఒకటిన్నర ఎంఎల్ చాలు. సిరప్ అలవాటులో చుక్కల మందును 5 ఎంఎల్ పోస్తే 500 ఎంజీ పడినట్టు, పోయాల్సినదానికి మూడు రెట్లకు పైగా. చుక్కల మందు చిన్నపిల్లలది కాబట్టి పలచగా ఉంటుందని అనుకోవడం సహజం, నిజం దానికి తలకిందులు. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. మందుతో వచ్చే గీతల గ్లాసో సూది లేని సిరంజో వాడాలి.

ఆస్పిరిన్ పిల్లలకు వేయకూడదు. ఫ్లూ, ఆటలమ్మ లాంటి వైరస్ జ్వరాల్లో ఆస్పిరిన్ పడిన పిల్లల్లో మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ అనే అరుదైన ప్రమాదకర జబ్బు కనిపించింది. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప 16 ఏళ్ల లోపువారికి దీన్ని ఇవ్వొద్దని బ్రిటన్ లాంటి దేశాల్లో నియమం ఉంది. ఆటలమ్మ సమయంలో ఇబుప్రోఫెన్‌నూ దూరంగా ఉంచమంటారు, చర్మంలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు దానికీ లింకు కనబడింది. జ్వరం డెంగీ కావచ్చన్న అనుమానం ఉంటే పెద్దలకైనా పిల్లలకైనా పారాసెటమాల్ ఒక్కటే. డెంగీలో ప్లేట్‌లెట్లు ముందే పడిపోతుంటాయి. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మిగిలిన ప్లేట్‌లెట్ల పనిని కూడా అడ్డుకుని రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఈ డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ అన్నీ ఒకే ఇంటివి. స్టెరాయిడ్ కాకుండా వాపు తగ్గించేవి కాబట్టి వైద్యులు వీటిని ఎన్‌ఎస్‌ఏఐడీలు అంటారు, జనం నోట్లో అన్నీ పెయిన్‌కిల్లర్లే. పారాసెటమాల్‌కు వాపు మీద పెద్దగా ప్రభావం ఉండదు, వీటికి ఉంటుంది. అందుకే బెణికిన మడమకో వాచిన మోకాలికో ఇవి పనికొచ్చినంతగా అది పనికిరాదు. ఇవి ఎలా పనిచేస్తాయో చాలాకాలం ఎవరికీ తెలియదు. ఆస్పిరిన్ 1899లోనే మార్కెట్లోకి వచ్చింది. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అది ఆపుతుందని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చింది 1971లో. 1982లో నోబెల్ పంచుకున్నారు. ఒక మందును 70 ఏళ్లకు పైగా కోట్లమంది మింగాక గానీ అది చేస్తున్న పనేమిటో బయటపడలేదన్నమాట.

ఆ పని తెలిశాక దుష్ప్రభావాల గుట్టు కూడా విడిపోయింది. ప్రోస్టాగ్లాండిన్లు దెబ్బ తగిలిన చోట నొప్పిని, వాపును పుట్టిస్తాయి. అవే కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడతాయి, అవే ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూస్తాయి. మాత్రకు ఈ తేడా తెలియదు. మోకాలి కోసం మింగినా కడుపులోనూ కిడ్నీలోనూ తయారీ ఆగుతుంది.

‘తిన్నాక వేసుకుంటే ఏం కాదు’ అనే మాట సగమే నిజం. తిన్నాక వేసుకుంటే కడుపులో మంట తగ్గవచ్చు. పుండు పడే ప్రమాదం మాత్రం పోదు, ఎందుకంటే ఆ పొర బలహీనపడేది రక్తంలో కలిసిన మందు వల్ల. ఇంజెక్షన్ చేయించుకున్నా ఇదే తంతు. మాత్రల్లో సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయని సూది అడిగేవారు ఒకటి గమనించాలి, కడుపును దాటించే దారి సూది కాదు. 65 దాటినవారు, ఇదివరకు అల్సర్ వచ్చినవారు, స్టెరాయిడ్లు, రక్తం పలచబరిచే మందులు, డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మాత్రలు వాడేవారు పెయిన్‌కిల్లర్ కూడా వేసుకుంటే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇలాంటివారికి డాక్టర్లు ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర జతచేస్తారు. అది కడుపును కాస్తుంది, కిడ్నీని కాయదు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనబడినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లడమే.

కిడ్నీల సంగతి ఇంకా నిశ్శబ్దం. బీపీకి ఎనలాప్రిల్ లేదా టెల్మిసార్టాన్ లాంటి మాత్ర, దానితోపాటు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మరో మాత్ర వాడేవారు చాలామంది. ఈ రెండింటికీ పెయిన్‌కిల్లర్ తోడైతే కిడ్నీలో వడపోతకు కావాల్సిన రక్తపు ఒత్తిడి మూడు వైపుల నుంచీ పడిపోతుంది. ఇక విరేచనాలో వాంతులో పట్టుకుని నీరు తగ్గిన రోజున అదే కాంబినేషన్ పడితే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినవచ్చు. రెండు మందులూ డాక్టర్ రాసినవే, మూడోది సొంతంగా కొన్నది. ముగ్గురు పెద్దమనుషులు కలిసి చేసిన తప్పులాంటిది, ఎవరినీ విడిగా నిందించలేం. మానసిక జబ్బుకు లిథియం, కీళ్లవాతం లాంటివాటికి మెథోట్రెక్సేట్ వాడేవారికి మరో చిక్కు. పెయిన్‌కిల్లర్ వల్ల ఆ మందులు ఒంట్లో పేరుకుని విషమించే ప్రమాదం ఉంటుంది.

గుండె గురించిన మేలుకొలుపు 2004లో వచ్చింది. కడుపుకు హాని తక్కువని పేరుపడ్డ రోఫెకాక్సిబ్ గుండెపోటు ముప్పు పెంచుతోందని తేలడంతో ఆ ఏడాది సెప్టెంబరులో తయారీదారు ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత పరిశీలన మిగతావాటి మీదకూ మళ్లింది. ఆస్పిరిన్ తప్ప ఈ కుటుంబంలోని మందులన్నిటికీ గుండెపోటు, పక్షవాతం ముప్పు కొంత ఉందని, వాడటం మొదలుపెట్టిన తొలి వారాల్లోనే అది కనిపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరికను గట్టి చేసింది. డోసు, రోజులు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. డైక్లోఫెనాక్‌కు ఈ విషయంలో పేరు బాగాలేదు. గుండె జబ్బున్నవారు దాన్ని సొంతంగా వేసుకోకూడదు.

గుండె కోసం రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకునేవారికి ఇంకో మెలిక ఉంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లలోని ఎంజైమ్‌కు శాశ్వతంగా అతుక్కుంటుంది, ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే సుమారు వారం పది రోజులు దాని ప్రభావం ఉంటుంది. ముందుగా ఇబుప్రోఫెన్ పడితే అది వెళ్లి ఆ చోటులో కూర్చుంటుంది, ఆస్పిరిన్‌కు తావు దొరకదు. గుండెకు రావాల్సిన రక్షణ తగ్గిపోతుంది. ఎప్పుడైనా ఇబుప్రోఫెన్ తప్పనిసరైతే మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాతో, లేదా ఆస్పిరిన్‌కు 8 గంటల ముందో వేసుకోమని ఎఫ్‌డీఏ సూచన. పైపూత ఉన్న ఆస్పిరిన్‌కు ఈ లెక్క వర్తించదు, డాక్టర్నే అడగాలి.

గర్భిణులు 20 వారాలు దాటాక ఈ పెయిన్‌కిల్లర్లకు దూరంగా ఉండాలని 2020లో ఎఫ్‌డీఏ నుంచి హెచ్చరిక వచ్చింది. బిడ్డ కిడ్నీల పని తగ్గి ఉమ్మనీరు పడిపోవచ్చు. నెలలు నిండేకొద్దీ బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా తోడవుతుంది. డాక్టర్ ప్రత్యేకంగా చిన్న డోసు ఆస్పిరిన్ రాస్తే అది వేరే సంగతి, దాన్ని సొంతంగా ఆపకూడదు. ఆస్తమా ఉన్నవారిలో కొందరికి ఒక్క ఆస్పిరిన్ మాత్రతోనే, ఆ కుటుంబంలోని ఏ మాత్రతోనైనా, ఆయాసం ముంచుకొస్తుంది.

ఇంత చదివాక పెయిన్‌కిల్లర్ అంటేనే భయం వేయవచ్చు. అంత అక్కర్లేదు. కిడ్నీ, గుండె, కడుపు బాగున్న మనిషి బెణుకుకు మూడు నాలుగు రోజులు తక్కువ డోసులో వేసుకోవడం వేరు, అరిగిన మోకాలికి ఏళ్ల తరబడి రోజూ మింగడం వేరు. మోకాళ్లు, వేళ్ల కీళ్ల లాంటి పైపై నొప్పులకు డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. జెల్‌ను చిన్నచూపు చూడటం ఎందుకో అర్థం కాదు. నొప్పి బాగా ఉంటే పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ కలిపి వేసుకోవచ్చు, రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి. ఇబుప్రోఫెన్‌కు డైక్లోఫెనాక్ కలపడంలో మాత్రం అర్థం లేదు. నొప్పి మీద లాభం పెద్దగా పెరగదు, కడుపు మీదా కిడ్నీ మీదా భారం పెరుగుతుంది.

మైగ్రేన్ దగ్గర కథ మలుపు తిరుగుతుంది. మిగతా నొప్పులకు ‘ఓర్చుకుని చూడు, తగ్గకపోతే వేసుకో’ అనే సలహా నడుస్తుంది. మైగ్రేన్‌కు అది నప్పదు. నొప్పి ముదిరాక కడుపు కదలికలు మందగిస్తాయి. మింగిన మాత్ర కిందికి జారక కడుపులోనే ఉండిపోతుంది, లేదా వాంతిలో పోతుంది. కాబట్టి నొప్పి మొదలైన వెంటనే, సరిపడా డోసు వేసుకోవాలి. భయపడి సగం మాత్ర, గంటకు ఇంకో సగం వేసుకుంటే మాత్రలు ఖర్చయ్యాయి తప్ప నొప్పి ఆగదు. వికారం ఎక్కువగా ఉండేవారికి డాక్టర్లు వాంతుల మాత్ర కూడా రాయడానికి కారణం ఇదే, అది కడుపును కదిలించి పెయిన్‌కిల్లర్‌ను కూడా ముందుకు పంపుతుంది.

మామూలు మాత్రలకు లొంగని మైగ్రేన్‌కు 1990ల మొదట్లో వచ్చిన సుమట్రిప్టాన్, దాని వెనకే వచ్చిన రైజట్రిప్టాన్ లాంటివి ఉన్నాయి. ట్రిప్టాన్లు అనే ఇవి మామూలు పెయిన్‌కిల్లర్లు కావు, నడుం నొప్పికి పనికిరావు. తలలోని రక్తనాళాల్నీ నరాల్నీ ఉద్దేశించి చేసినవి. రక్తనాళాలను కుదించే గుణం ఉంది కాబట్టి గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి, బీపీ అదుపులో లేనివారికి ఇవ్వరు. మొదటి మాత్రతో తగ్గి, మళ్లీ నొప్పి తిరగబెడితే కనీసం రెండు గంటల ఎడంతో రెండోది వేసుకోవచ్చు. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండోది వేసి లాభం లేదు.

వీటికంటే పాతది ఎర్గోటమిన్. రై ధాన్యం మీద పెరిగే ఒక బూజు నుంచి వచ్చింది. మధ్యయుగాల యూరప్‌లో ఆ బూజు పట్టిన గింజలు తిని జనం చేతులు, కాళ్లు నల్లబడి ఊడిపోయాయి. మందు మోతాదులో తీసుకున్నా ఎర్గోటమిన్‌కు ఆ పాత బుద్ధి పూర్తిగా పోలేదు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతో కలిస్తే కాలేయం దాన్ని విరగ్గొట్టలేక రక్తంలో పెరిగిపోతుంది, వేళ్లకు రక్తం ఆగిపోయేంతగా నాళాలు బిగుసుకోవచ్చు. గొంతు నొప్పికి యాంటీబయాటిక్ రాయించుకునేటప్పుడు తలనొప్పి మాత్ర సంగతి చెప్పాలని ఎంతమందికి తడుతుంది? ఎర్గోటమిన్ వేసుకున్న 24 గంటల్లోపు ట్రిప్టాన్ కూడా వేసుకోకూడదు.

అన్ని తలనొప్పులూ మైగ్రేన్ కావు. క్షణాల్లో పిడుగులా వచ్చి పతాక స్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఒకవైపు బలం తగ్గడం, తలకు దెబ్బ తగిలాక వచ్చినది, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనది, వీటిలో ఏదున్నా మాత్ర కోసం వెతకడం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా, ఈ మందుల్లో కెల్లా విచిత్రమైన సంగతి. తలనొప్పి మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. మైగ్రేన్ ఉన్నవారు తరచూ మాత్రలు వేసుకుంటూ పోతే మెదడు నొప్పికి మరింత సున్నితంగా తయారవుతుంది, మాత్ర ప్రభావం దిగగానే మళ్లీ నొప్పి, దానికి మళ్లీ మాత్ర. హద్దు ఎక్కడుందో అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో రాసి ఉంది. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ లాంటి సాదా మాత్రలైతే నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, కోడీన్ లాంటి నల్లమందు రకం మందులు, రెండు మూడు కలిపిన మాత్రలైతే 10 రోజులు. మూడు నెలలకు పైగా ఆ స్థాయిలో వాడుతూ, నెలలో 15 రోజులో అంతకన్నా ఎక్కువో తలనొప్పి ఉంటే మందు మీదే అనుమానం రావాలి. ఇక్కడ లెక్కించేది మాత్రల్ని కాదు, రోజుల్ని. ఒకే రోజు మూడు వేసుకున్నా అది ఒక్క రోజే. రోజుకో అర మాత్ర చొప్పున నెలంతా వేసుకుంటే ముప్పై రోజులు. ‘నేను అరే వేసుకుంటాను’ అని సర్దిచెప్పుకునేవారు ముందుగా చిక్కేది ఇందుకే.

బయటపడాలంటే ఆ మాత్ర ఆపాలి. ఆపిన మొదటి రెండు నుంచి పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది, నిద్ర పట్టదు, వికారం, టెన్షన్. చాలామంది సరిగ్గా అక్కడే ఓడిపోయి మళ్లీ స్ట్రిప్ తీస్తారు. సాదా మాత్రల్ని, ట్రిప్టాన్లను ఒక్కసారిగా ఆపవచ్చు. కోడీన్, ట్రమడాల్ లాంటివైతే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నెలలో నాలుగైదుసార్లు మైగ్రేన్ వచ్చేవారికి ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ లాంటి ముందుజాగ్రత్త మందులు ఉన్నాయి, వాటి గురించి అడగాల్సిన సమయం ఇదే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు క్యాలెండర్ తీసుకెళ్తే చాలు. నొప్పి వచ్చిన రోజుకు ఒక గుర్తు, మాత్ర వేసుకున్న రోజుకు ఇంకో గుర్తు, పక్కన మాత్ర పేరు, లోపలి మందు పేరు. ఆ రెండు గుర్తులూ దాదాపు అన్ని గళ్లలోనూ జంటగా కనబడితే, డాక్టర్ మొదట అడిగేది స్కాన్ గురించి కాకపోవచ్చు.